గాల్వెస్టన్ నుంచి క్రూజ్ వెళ్తున్నారా? రేవులో దిగాక ఏ పడవ ఎక్కాలి

థాంక్స్‌గివింగ్ దగ్గర పడుతోందంటే మా డల్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "గాల్వెస్టన్ నుంచి క్రూజ్ బుక్ చేశాం, అమ్మానాన్న కూడా వస్తున్నారు. కొజుమెల్‌లో స్నార్కెలింగ్ ఓడవాళ్ళ దగ్గరే తీసుకోవాలా, బయట చవగ్గా దొరుకుతుందా?"

కొజుమెల్ అంటే ఈ ఓడలు ఆగే మెక్సికో దీవి. స్నార్కెలింగ్ అంటే మాస్కూ గొట్టమూ పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందకి చూడటం. చవకా కాదా అన్నది ఆఖర్న చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీ గుంపులో నీళ్ళంటే అందరికంటే ఎక్కువ భయం ఎవరికి? ఓడ దిగి మళ్ళీ ఎక్కేలోపు మీ చేతిలో నిజంగా ఉండేది ఎన్ని గంటలు? ఈ రెండూ తెలిస్తే ఏ పడవో తేలిపోతుంది. ధర, ఫొటోలు, రివ్యూలు ఆ తర్వాతి మాట.

నేనిప్పటికి మూడు క్రూజ్‌లు వెళ్ళాను. మొదటిసారి ఓడవాళ్ళే అమ్మిన టూర్‌లో అరవై మంది పట్టే కాటమరాన్ అనే పెద్ద తెరచాప పడవ ఎక్కాం. రెండోసారి బయటివాళ్ళ దగ్గర పన్నెండు మంది వెళ్ళే చిన్న పడవ. మూడోసారి నాలుగు కుటుంబాలం కలిసి పడవ మొత్తం మాట్లాడుకున్నాం. మూడింటిలోనూ ఒక్కో పాఠం ఉంది, రెండోదానికి మాత్రం డబ్బు కట్టి మరీ నేర్చుకున్నాం.

ఓడవాళ్ళ టూర్‌లో మీరు కొనేది టైమ్

ఓడ యాప్‌లో కనిపించే "సెయిల్ అండ్ స్నార్కెల్" టూర్‌ని నడిపేది కూడా చాలాసార్లు అక్కడి స్థానిక కంపెనీయే. ఓడవాళ్ళు మధ్యలో ఉండి అమ్ముతారు. ఆ ఎక్కువ ధరకి మీకు దక్కేది ఒక్కటే: టూర్ ఆలస్యమైతే మీ కోసం ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని ఓడ దగ్గరికి చేర్చే బాధ్యత వాళ్ళు తీసుకుంటారు. వాతావరణం బాగాలేక ఓడ ఆ రేవుకే వెళ్ళకపోతే డబ్బు దానంతట అదే మీ ఖాతాలోకి తిరిగొస్తుంది.

బయట బుక్ చేసుకుంటే ఆ పూచీ లేదు. ఓడ బయల్దేరడానికి అరగంట ముందు, కొన్నిసార్లు గంట ముందే అందరూ ఎక్కేసి ఉండాలి. అప్పటికి రాకపోతే వెళ్ళిపోతుంది. తర్వాతి రేవుకో ఇంటికో విమానం టికెట్ మీ ఖర్చే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా పౌరులు కొన్ని క్రూజ్‌లకి బర్త్ సర్టిఫికెట్‌తో వచ్చేస్తారు కానీ, మనం ఒరిజినల్ పాస్‌పోర్టూ వీసా లేకుండా విమానం ఎక్కలేం. అవి కేబిన్ సేఫ్‌లో ఉంటే ఓడ సిబ్బంది తీసి రేవులోని ఏజెంట్‌కి ఇచ్చే ప్రయత్నం చేస్తారు. చేస్తారనే నమ్మకంతో రిలాక్స్ అవ్వాల్సిన విషయం మాత్రం కాదు.

ఇంత చెప్పి కూడా నేను బయటి చిన్న పడవకే ఓటేస్తాను, కొజుమెల్ వరకు. ఎందుకంటే అరవై మంది పడవలో లెక్క ఇలా ఉంటుంది. ఎక్కడానికి అరగంట. మాస్కులూ ఫిన్స్‌లూ (కాళ్ళకి తొడిగే రెక్కలు) పంచడానికి ఇంకో ఇరవై నిమిషాలు. పగడపు దిబ్బ దగ్గర అందరూ ఒకే మెట్ల మీంచి దిగాలి, మళ్ళీ ఆ మెట్ల మీంచే ఎక్కాలి. మూడున్నర గంటల టూర్ అన్నారు, నేను నీళ్ళలో ఉన్నది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లోనూ నాకు ఎక్కువగా కనపడ్డవి ఎదుటివాళ్ళ ఫిన్స్‌లే. తిరుగు ప్రయాణంలో రమ్ పంచ్ ఫ్రీ, మ్యూజిక్ చెవులు పగిలేలా ఉంది. పాతికేళ్ళ కుర్రాళ్ళకి అది పండగే. మా అత్తయ్యగారు మాత్రం చెవిలో దూది కావాలన్నారు.

గడియారం సంగతి

డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం ఇదే. కొజుమెల్ ఉన్న మెక్సికో రాష్ట్రం కింతానా రో 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే టైమ్ పాటిస్తోంది. అది అమెరికా ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్. అంటే డిసెంబర్‌లో టెక్సాస్‌లో ఉదయం 9 అయితే కొజుమెల్‌లో 10. కొన్ని ఓడలు లోకల్ టైమ్‌కి గడియారం మారుస్తాయి, కొన్ని బయల్దేరిన రేవు టైమ్‌నే ఉంచుకుంటాయి. మా ఓడ మార్చలేదు. పడవ 10 గంటలకి అన్నారు, మేము ఓడ టైమ్ చూసుకుని తీరిగ్గా ఇడ్లీ దొరకని బఫేలో టోస్టులు తిని దిగాం. రేవు దగ్గరికి వెళ్ళేసరికి పడవ వెళ్ళిపోయి దాదాపు గంట. వాళ్ళ షరతుల ప్రకారం సగం డబ్బు పోయింది. వాళ్ళని అనడానికేం లేదు, బుకింగ్ మెయిల్‌లో "లోకల్ టైమ్" అని రాసే ఉంది. మధ్యాహ్నం ట్రిప్పులో చోటు దొరకడం మా అదృష్టం.

దీనికంటే ప్రమాదకరమైన పొరపాటు వేసవిలో ఫ్లోరిడా నుంచి వెళ్ళేవాళ్ళకి జరుగుతుంది. అప్పుడు ఫ్లోరిడా టైమ్ కొజుమెల్ కంటే గంట ముందుంటుంది. మీ ఫోన్ లోకల్ టైమ్‌కి మారిపోయి 3:30 చూపిస్తుంటే, గడియారం మార్చని ఓడలో 4:30. మేం పోగొట్టుకున్నది పడవే, అలా అయితే ఓడే పోతుంది. దిగేముందు ఓడలో గోడ గడియారాన్ని ఒక ఫొటో తీసుకోండి. ఒకరి చేతికి ఓడ టైమ్ పెట్టిన మామూలు వాచీ ఉంటే టెన్షన్ ఉండదు.

కొజుమెల్: ఎక్కడికి, ఏ పడవలో

ఈ దీవి పడమటి వైపు దిబ్బల్లో చాలావరకు 1996లో ఏర్పాటైన నేషనల్ మెరైన్ పార్క్‌లోకి వస్తాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి పడమటి తీరం దీవి చాటున ప్రశాంతంగా ఉంటుంది. ఓడలు ఆగే రేవులు కూడా అటే. అందుకే ఈతరాని వాళ్ళతో వెళ్ళడానికి కరీబియన్‌లో ఇది తేలికైన చోటు.

బ్రోషర్లలో మూడు పేర్లు కనిపిస్తాయి: పలాంకార్, కొలంబియా, ఎల్ సియెలో. మూడూ దీవి దక్షిణ కొసన ఉన్నాయి. ఓడల రేవుల నుంచి పలాంకార్ దాదాపు 8 నాటికల్ మైళ్ళు. తెరచాప కాటమరాన్ 6, 7 నాట్ల (అంటే గంటకి అన్ని నాటికల్ మైళ్ళ) వేగంతో వెళ్తే ఒక్క వైపుకే గంట దాటిపోతుంది. ఇంజన్ పడవ అరగంటలోపే చేరుస్తుంది. అందుకే మూడు గంటల కాటమరాన్ టూర్లు చాలావరకు అంత దూరం వెళ్ళవు, రేవులకి దగ్గర్లోని దిబ్బ ఏదో చూపించి తెస్తాయి. అదేం మోసం కాదు, దగ్గరి దిబ్బల దగ్గరా చేపలుంటాయి. కానీ ఫొటోలో పలాంకార్ చూసి డబ్బు కట్టేవాళ్ళు ఏ దిబ్బకి తీసుకెళ్తారో పేరుతో సహా అడగాలి.

ఇంకో మాట. "సెయిలింగ్" అని రాసినంత మాత్రాన తెరచాపతోనే వెళ్తారనుకోకండి. వెళ్ళేటప్పుడు ఇంజన్ వేసుకుని, వచ్చేటప్పుడు ఫొటోల కోసం తెరచాప ఎత్తే పడవలు చాలానే చూశాను. ఇంజన్ ఆపేశాక నీళ్ళు పడవ అంచుకి రాసుకునే చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ పావుగంట కోసమే వెళ్ళాలనుకుంటే, తెరచాప ఎంతసేపు ఎత్తుతారో ముందే అడగండి.

నీళ్ళలో దిగాక సంగతి. ఇక్కడ ప్రవాహం ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంటుంది. పడవ మిమ్మల్ని ఒకచోట దింపుతుంది, నీళ్ళు మెల్లగా మోసుకుపోతాయి, కింద దిబ్బ సినిమా రీలులా కదులుతుంది, కొంత దూరం పోయాక పడవే వచ్చి ఎక్కించుకుంటుంది. కాళ్ళు ఆడించే పనే ఉండదు. కానీ గుంపు చిన్నదై ఉండాల్సిన అవసరం సరిగ్గా ఇక్కడే. పన్నెండు మందికి ఇద్దరు గైడ్లుంటే ఒకరు ముందుంటారు, ఒకరు వెనకబడ్డవాళ్ళని చూసుకుంటారు. ఇరవై మందికి ఒక్కరే ఉంటే ప్రవాహంలో ఎవరు ఎటు పోతున్నారో చూసేవాళ్ళుండరు. మా చిన్న పడవలో గైడ్ ఒక గుండ్రటి రబ్బరు ట్యూబు తాడుతో లాగుతూ వచ్చాడు. అత్తయ్యగారు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తల నీళ్ళలో పెట్టి నలభై నిమిషాలు దిబ్బంతా చూశారు. ఆవిడకి ఈత రాదు. పెద్ద కాటమరాన్‌లో ఆవిడ డెక్ దిగనేలేదు.

ఎల్ సియెలో అంటే స్పానిష్‌లో ఆకాశం. తెల్లటి ఇసుక మీద నక్షత్ర చేపలు పడి ఉంటాయి కాబట్టి ఆ పేరు. అక్కడ కాళ్ళు అందవు, తేలుతూ పైనుంచి చూడాలి. దగ్గర్లోనే ఎల్ సియెలిటో అనే ఇసుక తిప్ప ఉంది, నడుము లోతు నీళ్ళు. పిల్లలకీ పెద్దవాళ్ళకీ అసలైన ఆనందం అక్కడే. నక్షత్ర చేపని ఫొటో కోసం నీళ్ళలోంచి పైకి తీయకండి, చచ్చిపోతాయి. పగడాలకి తెగులు సోకడంతో 2019లో ఎల్ సియెలోతో పాటు పలాంకార్, కొలంబియా దిబ్బలని కూడా కొన్నాళ్ళు మూసేశారు. పార్కులో సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్ళలో దిగకూడదు, "రీఫ్ సేఫ్" అని డబ్బా మీద ఉన్నా సరే. పొడుగు చేతుల రాష్ గార్డు (ఈత చొక్కా), లెగ్గింగ్స్ వేసుకోండి. మన ఆడవాళ్ళకి అదే హాయి, ఎండకీ అదే మందు.

ఇక శీతాకాలంలో గుర్తుపెట్టుకోవాల్సింది "నోర్తే". టెక్సాస్‌లో మనల్ని వణికించే చలిగాలే గల్ఫ్ దాటి అక్కడికి ఉత్తరపు గాలిగా వస్తుంది. ఆ రోజు పడమటి తీరం కూడా కల్లోలంగా మారుతుంది. హార్బర్ అధికారులు చిన్న పడవలకి రేవు మూసేస్తారు. మీ పెద్ద ఓడ మాత్రం దర్జాగా వచ్చి ఆగుతుంది, అందుకే ఎండ కాస్తుంటే ట్రిప్పు ఎందుకు రద్దు చేశారని జనం గొడవపడుతుంటారు. రేవు మూస్తే డబ్బు పూర్తిగా వెనక్కిస్తారా అని బుక్ చేసేముందే రాతలో అడిగి పెట్టుకోండి.

గ్రాండ్ కేమన్‌లో లెక్క వేరు

కరీబియన్‌లోని ఈ దీవిలో ఓడ రేవుకి ఆనదు. జార్జ్ టౌన్ ఎదుట సముద్రంలో లంగరేస్తుంది, టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. మొదటి టెండర్లు ఓడవాళ్ళ టూర్లు కొన్నవాళ్ళకీ, సూట్‌లలో ఉన్నవాళ్ళకీ వెళ్తాయి. బయట బుక్ చేసుకున్నవాళ్ళు నంబరు తీసుకుని కూర్చోవాలి. ఒడ్డుకి చేరడానికే గంటా గంటన్నర పోవచ్చు. అక్కడి నుంచి వాన్‌లో నార్త్ సౌండ్ దగ్గరి మెరీనాకి, అక్కడి నుంచి మళ్ళీ పడవ. కాబట్టి మీ ఓడ అక్కడ ఆగేది ఆరేడు గంటలే అయితే నేను ఓడవాళ్ళ టూరే తీసుకుంటాను. తొమ్మిది గంటలుంటే చిన్న పడవ. క్రూజ్ వాళ్ళని ఎక్కించుకోవడం అలవాటైన ఆపరేటర్లు మీ ఓడ పేరు అడిగి, టెండర్ టైమ్ కలిపి పికప్ చెప్తారు. ఓడ పేరే అడగనివాళ్ళ దగ్గర బుక్ చేయకండి.

అందరూ వెళ్ళేది స్టింగ్‌రే సిటీ అనే ఇసుక తిప్పకి. స్టింగ్‌రే అంటే మన కోస్తాలో టేకు చేప. ఒకప్పుడు జాలర్లు ఆ ఇసుక తిప్ప దగ్గర చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారేస్తుంటే అవి తినడానికి అలవాటుపడ్డాయట. ఇప్పుడు నడుము లోతు నీళ్ళలో మనుషుల కాళ్ళ మధ్య తిరుగుతాయి. తోకలో ముల్లుంటుంది. పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. వాటిని నీళ్ళ పైకి ఎత్తడం అక్కడ చట్టవిరుద్ధం. ఎత్తి మీ బుగ్గకి ఆనిస్తానని ఏ పడవవాడైనా ఉత్సాహపడితే వద్దనండి.

చిన్న గుంపు వల్ల ఇక్కడ లాభం నీళ్ళలో కాదు, వేళలో. పెద్ద కాటమరాన్లన్నీ ఒకేసారి వచ్చి పడితే తిప్ప మీద జాతర. చిన్న పడవ కెప్టెన్ ముందు దిబ్బల దగ్గర స్నార్కెలింగ్ చేయించి, జనం పలచబడ్డాక తిప్పకి తీసుకెళ్తాడు. ధర చూసేటప్పుడు ఏ డాలరో చూడండి. ఒక కేమన్ డాలర్‌కి 1.20 అమెరికా డాలర్లు. 80 అని చూసి కడితే కార్డులో 96 పడుతుంది.

ఫ్లోరిడా నుంచి వెళ్ళేవాళ్ళకి సెయింట్ థామస్

నిజంగా తెరచాప ప్రయాణమే కావాలంటే పై రెండింటికంటే ఈ కరీబియన్ దీవి మేలు. గాలి స్థిరంగా ఉంటుంది, దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి. పక్కనే ఉన్న సెయింట్ జాన్ దీవిలో సగానికి పైగా 1956లో ఏర్పడిన నేషనల్ పార్క్. అమెరికా ప్రాంతం కాబట్టి కోస్ట్ గార్డ్ నియమాలు వర్తిస్తాయి. ప్రయాణికుల కోసం తనిఖీ సర్టిఫికెట్ లేని పడవ డబ్బు తీసుకుని సాధారణంగా ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు. "సిక్స్ ప్యాక్" అంటే అదే. మీరు ఏడుగురైతే "ఏం పర్లేదు, చిన్నపిల్లాడే కదా" అనే కెప్టెన్‌ని నమ్మకండి, పసిపిల్లలు కూడా లెక్కలోకొస్తారు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లని 2020 నుంచి అక్కడ నిషేధించారు, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా ఒకసారి చూసుకోండి.

నీళ్ళలో ఉండే అడుగుభాగం ఒక్కటే ఉన్న తెరచాప పడవ గాలికి ఒక పక్కకి ఒరుగుతుంది. అలవాటు లేనివాళ్ళు బోల్తా పడుతోందనుకుని హడలిపోతారు. కాటమరాన్‌కి అలాంటివి రెండుంటాయి కాబట్టి అంతగా ఒరగదు. పెద్దవాళ్ళుంటే కాటమరానే. భార్యాభర్తలిద్దరే అయితే ఒరిగే పడవలోనే మజా.

డబ్బు కట్టేముందు అమ్మానాన్నల తరఫున అడగాల్సినవి

పడవలోకి మళ్ళీ ఎక్కే మెట్లెలా ఉంటాయి? ఇది ఎవరూ అడగరు. చాలా కాటమరాన్లకి వెనకవైపు వెడల్పాటి మెట్లుంటాయి. చిన్న ఇంజన్ పడవలకి నిట్టనిలువు ఇనుప నిచ్చెనే. తడి ఒంటితో, ఊగే పడవలోకి, నొప్పులున్న మోకాళ్ళతో నిచ్చెనెక్కడం అరవై దాటినవాళ్ళకి చాలా కష్టం. తర్వాత బాత్రూమ్. చిన్న పడవల్లో చాలావాటికి ఉండదు. నాలుగు గంటల ట్రిప్పుకి షుగరున్నవాళ్ళని అలాంటి పడవలో తీసుకెళ్ళడం అన్యాయం. నీడ ఎంత ఉంటుందో కూడా అడగాలి.

మామయ్యగారి సంగతి చెప్పాలి. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి. "గోదాట్లో ఈదినవాణ్ణి, నాకు లైఫ్ జాకెట్టేవిటమ్మా" అన్నారు. ఈత బాగా వచ్చినవాళ్ళకే స్నార్కెల్ ముందు చుక్కలు చూపిస్తుంది, ఎందుకంటే మన ఈతలో తల పైకెత్తి గాలి పీల్చడం అలవాటు. ఇక్కడ ముక్కు మూసుకుపోయి, మొహం నీళ్ళలో ఉండగానే గొట్టంలోంచి నోటితో పీల్చాలి. రెండు నిమిషాల్లో ఆయన ఆయాసపడుతూ పైకొచ్చేశారు. జాకెట్ ఉంది కాబట్టి తేలుతూ ఊపిరి తీసుకున్నారు. హవాయిలో పర్యాటకుల నీటి మరణాల్లో స్నార్కెలింగే మొదటి స్థానంలో ఉంటుందని తర్వాత చదివి నా ఒళ్ళు జలదరించింది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా దిగకూడదు. క్రూజ్‌కి రెండు వారాల ముందు మాస్కూ గొట్టమూ కొని మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో నాలుగు సార్లు అలవాటు చేయించండి. కళ్ళద్దాల పవర్‌తో కూడా మాస్కులు దొరుకుతాయి. అవి లేకపోతే మీ నాన్నగారికి దిబ్బ అంతా పచ్చటి మసకే.

పెద్ద ఓడలో ఏమీ కానివాళ్ళకి చిన్న పడవలో కడుపు తిప్పుతుంది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు అవోమిన్ తెస్తారు, అది పడవెక్కడానికి గంట ముందు వేసుకుంటేనే పని చేస్తుంది, నిద్ర కూడా వస్తుంది. వేసుకున్నవాళ్ళు ఆ ఫ్రీ రమ్ పంచ్ జోలికి పోకూడదు.

భోజనం విషయంలో "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడివిడిగా రాయండి. కొజుమెల్ పడవల్లో సెవిచే బాగా పెడతారు, అది నిమ్మరసంలో ఊరిన పచ్చి చేప. చిప్స్, గ్వాకమోలే, పండ్లు ఎలాగూ ఉంటాయి. మేమైతే పులిహోర ఓడ దింపనివ్వరని తెలిసి ఊరుకున్నాం.

పడవ మొత్తం మాట్లాడుకోవడం ఎప్పుడు లాభం

ఇది మనవాళ్ళకి బాగా కలిసొచ్చే పద్ధతి, ఎందుకంటే మనం ఎటూ నాలుగైదు కుటుంబాలతోనే కదులుతాం. ఉదాహరణకి మనిషికి 75 డాలర్ల ట్రిప్పు పద్నాలుగు మందికి 1,050 అవుతుంది. అదే పడవ మొత్తం 900కి వస్తుంటే ఆలోచించే పనే లేదు. ఎనిమిది మందే ఉంటే విడి టికెట్లే చవక. కానీ పార్కు రుసుము, టిప్పు కలిపి చూడండి. ధరలో పార్కు రుసుము కలపని వాళ్ళు పడవెక్కాక నోట్లు అడుగుతారు.

మాది పద్నాలుగు మంది బృందమే. కెప్టెన్‌తో ముందే చెప్పుకుని, పలాంకార్ దగ్గర ఈతగాళ్ళని దింపాం, మిగతావాళ్ళు నీడలో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత సియెలిటోలో గంటన్నర ఆగమన్నాం. పక్క పడవలు వచ్చి అరగంటకి వెళ్ళిపోతుంటే మేము కదల్లేదు. మామయ్యగారు జాకెట్ వేసుకునే, నడుము లోతు నీళ్ళలో, మనవడికి గోదాట్లో మునకెలా వేసేవారో చూపిస్తున్నారు.